పోయేటప్పుడు గంటా నలభై, వచ్చేటప్పుడు పన్నెండు

1వ తేదీ

విమానాల ఆఫీసు విచారణల విభాగంలో కూర్చున్న పెద్దలకి దర్జీ నమస్కరించి రాసుకునేది.

మీ ఆఫీసు మా కొట్టుకి నాలుగు వీధుల అవతలే. నిన్న స్వయంగా వచ్చాను. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాయన, ప్రశ్నలు నోటితో అడక్కూడదు, కాగితం మీద రాసి పోస్టులో వెయ్యాలి, ఏడు పనిదినాల్లో జవాబు వస్తుందన్నాడు. "ప్రశ్న ఇక్కడుంది, జవాబు లోపలుంది, మధ్యలో తలుపు ఒక్కటే కదండీ" అన్నాను. "తలుపు కూడా ఆఫీసుదే" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

మా అన్నయ్య ఉండే ఊరు ఈ ఉత్తరం వెనకవైపు రాశాను. ఇక్కణ్ణించి అక్కడికి దూరం ఎంత, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది? కొట్లో గోడకున్న ప్రపంచ పటం మీద టేపు పెట్టి కొలిచాను. తొమ్మిదింపావు అంగుళాలు వచ్చింది. సముద్రం దగ్గర పటం కాస్త ఉబ్బింది కాబట్టి ఆ పావూ తీసేసి తొమ్మిది అనుకోండి. తొమ్మిదంగుళాలకి మీ విమానం ఎంతసేపు తీసుకుంటుంది?

ఎందుకడుగుతున్నానంటే, మా వదిన ఉత్తరం రాసింది. అన్నయ్యకి గొంతులో ఏదో పుట్టిందిట. ఈ నెల పద్దెనిమిదిన ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు కానీ స్వరపేటిక తీసేస్తారుట, ఇక మాట ఉండదుట. "మాట ఉండగా ఒక్కసారి వచ్చి మాట్లాడు మరిదీ" అని రాసింది.

మా ఇద్దరికీ ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు. ఇదే కొట్లో ఆయన కత్తిరించేవాడు, నేను కుట్టేవాణ్ణి. ఒక పెద్దమనిషి కోటుకి ఎడమ చెయ్యి అంగుళమున్నర పొట్టిగా వచ్చింది. అన్నయ్య కుట్టు తప్పన్నాడు, నేను కత్తెర తప్పన్నాను. మాటా మాటా పెరిగి, "నీ ఇంట్లో గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టను" అని నలుగురిలో ఒట్టు పెట్టేశాను. ఆయన మూటా ముల్లే సర్దుకుని అంత దూరం వెళ్ళి ఏదో నాటక కంపెనీలో దుస్తులు కుట్టుకుంటూ స్థిరపడిపోయాడు. మొన్న వదిన ఫోన్ చేసి ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయన మాట్లాడతాడని నేనూ, నేను మాట్లాడతానని ఆయనా మూడు నిమిషాలు ఊపిరి పీల్చుకుని పెట్టేశాం.

కాబట్టి నాకు వెళ్ళాలనుంది, ఒట్టూ నిలవాలి. రెండు భోజనాల మధ్య వెళ్ళి వచ్చెయ్యడానికి వీలవుతుందా? అన్నయ్య తన నోటితో "తప్పు నాదేరా" అంటే వినాలని ఉంది. ఆ నోరు ఇంకో పదిహేడు రోజులే.

ఇట్లు
కాజాలు కూడా చేత్తోనే కుట్టే
దర్జీ

తా.క. టేపు అరిగిందేమోనని అనుమానం వద్దు. ఆ కోటు గొడవ తరవాత ఏటా కొత్తది కొంటున్నాను.


3వ తేదీ

దర్జీ గారికి,

తమరి 1వ తేదీ ఉత్తరం అందినది. తమరు అడిగిన రెండు నగరాల మధ్య విమాన దూరం ఐదు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు. దూరాన్ని అంగుళాలలో తెలిపే పద్ధతి ఈ కార్యాలయంలో లేదు. ప్రయాణ వేళలకు ఇందుతో జతపరచిన పట్టిక చూసుకోగలరు. విమానం ఆదివారం, గురువారం మాత్రమే కలదు. భోజనాల విషయం ఈ విభాగం పరిధిలోకి రాదు.

ఇట్లు
విచారణల గుమాస్తా, మూడో టేబులు
(ముద్ర)

తా.క. ముద్రకి పైన ఉన్నది ఆఫీసు మాట. కింద ఉన్నది నా మాట. మా పైఅధికారి ముద్ర దాకానే చదువుతారు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. పటం మీద కొలిస్తే దూరం తేలదండీ. గుండ్రటి దాన్ని బల్లపరుపుగా పరిస్తే ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ముడత పడుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. మీ అన్నగారి సంగతి చదివాక కాసేపు నాకు ఏ పనీ తోచలేదు.


5వ తేదీ

మూడో టేబులు గారికి దర్జీ నమస్కారాలు.

పట్టిక అందింది. ఇక్కడ ఉదయం తొమ్మిదికి బయలుదేరి అక్కడ పదీ నలభైకి దిగుతుందని చూసి ఎగిరి గంతేశాను. గంటా నలభై నిమిషాలు! మా కొట్టు నించి రైలు స్టేషనుకి సిటీ బస్సులో అంతే పడుతుంది. ఇంత దగ్గరని తెలిస్తే ఇరవై రెండేళ్ళు ఎవరు కూర్చుంటారండీ.

ఆ తరవాత రెండో వరస చూశాను. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి బయలుదేరిన విమానం ఇక్కడికి చేరేది రాత్రి ఒంటిగంటకిట! పోయేటప్పుడు గంటా నలభై, వచ్చేటప్పుడు పన్నెండు గంటలా? అదే విమానం, అదే సముద్రం. మధ్యలో పది గంటలు పైలట్ ఎక్కడికి వెళ్తున్నాడు? కొత్తవాళ్ళు ఎక్కితే ఊరంతా తిప్పి దింపే ఆటోవాళ్ళని చూశాను కానీ ఆకాశంలో కూడా ఈ విద్య ఉందని తెలీదు. ఆ పైలట్‌ని పిలిచి కాస్త గట్టిగా అడగండి.

నా లెక్క ఇది. ఇంట్లో ఎనిమిదింటికి టిఫిను తిని ఎక్కుతాను. పదీ నలభైకి దిగుతాను. అన్నయ్యతో మాట్లాడి ఒంటిగంటకి అదే విమానం ఎక్కేస్తాను. వచ్చేది నేరుగా వస్తే మూడింటికల్లా మా ఇంట్లో భోజనం. మంచినీళ్ళ సీసా నాదే పట్టుకెళ్తాను. ఇక మీ పైలట్ ఒక్కడే అడ్డు.

ఇట్లు
దర్జీ

తా.క. మా ఆవిడ పట్టిక చూసి, "పోవడం తేలిక, తిరిగి రావడమే కష్టం, మీ కోపం లాగే ఉంది" అంది. ఆవిడ మాట పట్టించుకోకండి.


7వ తేదీ

దర్జీ గారికి,

తమరి 5వ తేదీ ఉత్తరం పైలట్ పై ఫిర్యాదుగా నమోదు చేయబడినది. ఫిర్యాదు సంఖ్య 41. విచారణ ముగిసిన పిదప ఫలితం తెలియజేయబడును. ఇందుకు సాధారణంగా నాలుగు నెలలు పట్టును.

ఇట్లు
విచారణల గుమాస్తా, మూడో టేబులు
(ముద్ర)

తా.క. నా తల ప్రాణం తోకకొచ్చిందండీ. ఇది ఫిర్యాదు కాదు, అపార్థం అని పైఅధికారికి ఎంత చెప్పినా, అపార్థాలకి మన దగ్గర ఫైలు లేదు, ఫిర్యాదులకి ఉంది అన్నారు. పైలట్ ఏ పాపమూ ఎరగడు. విషయం ఇది. మనకి తెల్లవారిన ఐదున్నర గంటలకి కానీ అక్కడ తెల్లవారదు. అందుకని వాళ్ళ గడియారం మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. పట్టికలో ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. మీరు తొమ్మిదికి ఎక్కితే మన లెక్కన సాయంత్రం నాలుగూ పదికి దిగుతారు. అప్పుడు వాళ్ళ గడియారంలో పదీ నలభై. అంటే నిజంగా పట్టేది ఏడు గంటల పది నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు గాలి వెనకనించి తోస్తుంది కాబట్టి ఆరున్నర.

ఇంకో మాట. దిగి బయటపడి ఊళ్ళోకి వెళ్ళడానికి గంటకి పైన, తిరుగు విమానానికి గంట ముందు ఉండాలి. మీరనుకున్నట్టు ఒకే విమానంలో వెళ్ళొస్తే, ఇరవై రెండేళ్ళ మాటలకి మీకు మిగిలేది ఒక్క నిమిషం కూడా ఉండదు.


9వ తేదీ

మూడో టేబులు గారికి నమస్కారాలు.

గడియారాల సంగతి ఇప్పుడు తలకెక్కింది. రెండు టైంపీసులు పక్కపక్కన పెట్టి, ఒకటి ఐదున్నర గంటలు వెనక్కి తిప్పి, మధ్యలో దారపు ఉండని విమానంలా నడిపించి చూశాను. నిన్న ఒక బేరం వచ్చి నన్ను అలా చూసి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ పైలట్ ఇంటి అడ్రసు ఇస్తే క్షమాపణ రాసుకుంటాను.

ఈలోగా వదిన మళ్ళీ రాసింది. పద్దెనిమిది గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్. ఆ రోజు ఉదయాన్నే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. ముందు రాత్రి నించీ అన్నయ్యకి పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వరుట. ఇది చదివాక నా బుర్ర పాదరసంలా పని చేసింది. ఆస్పత్రి ఆయన ఇల్లు కాదు. పైగా తనే పస్తున్నవాడు నన్ను "అన్నం తినరా" అని ఎలా అంటాడు? గురువారం విమానంలో వెళ్తే వాళ్ళ టైము పదీ నలభైకి దిగుతాను, పన్నెండు లోపే ఆస్పత్రి. రెండు గంటల మాటలు, గడప తొక్కకుండా, గుక్కెడు నీళ్ళు ముట్టకుండా! ఆ తరవాత ఆదివారం దాకా ఏదో ఒక లాడ్జిలో ఉంటాను. పద్దెనిమిది వెళ్ళడానికి, ఇరవై ఒకటి రావడానికి టికెట్టు రాయించండి.

ఇట్లు
ఒట్టు తప్పని
దర్జీ

తా.క. మా ఆవిడ అడగమంది. అక్కడ దిగేసరికి ఐదున్నర గంటలు కలిసొస్తాయి కదా, మనిషికి ఆ మేరకి వయసు తగ్గుతుందా అని. తగ్గేటట్టయితే నన్ను అటూ ఇటూ పదిసార్లు తిప్పమంటోంది, గొడవకి ముందు రోజు దాకా.


11వ తేదీ

దర్జీ గారికి,

తమరు కోరిన ప్రకారం 18వ తేదీ వెళ్ళుటకు, 21వ తేదీ తిరిగి వచ్చుటకు టికెట్టు ఖరారైనది. ఫిర్యాదు సంఖ్య 41 ఉపసంహరణకు మూడు ప్రతులలో దరఖాస్తు చేసుకోవలెను. ప్రయాణం వలన వయసులో మార్పు ఉండదు.

ఇట్లు
విచారణల గుమాస్తా, మూడో టేబులు
(ముద్ర)

తా.క. ఆదివారం, పద్నాలుగో తేదీ విమానంలో సీట్లున్నాయి. దానికి వెళ్ళిపోండి. పంతొమ్మిదేళ్ళుగా ఈ టేబులు దగ్గర కూర్చుని వేళలు చెబుతున్నాను. పట్టికలో ఉన్నట్టు అన్నీ జరగవు. మబ్బు పడుతుంది, మిషను మొరాయిస్తుంది, డాక్టరు టైము మారుస్తాడు. నాలుగు రోజులు ముందు వెళ్తే ఆయన మాట నాలుగు రోజులు వింటారు. నీళ్ళు తాగితే తాగండి, ఏం పోయింది?


13వ తేదీ

మూడో టేబులు గారికి నమస్కారాలు.

టికెట్టు అందింది. మీ తా.క. కూడా చదివాను. ముద్రకి పైన ఉన్నదే ఆఫీసు మాట అని మీరే అన్నారు. ఆఫీసు నన్ను పద్దెనిమిదిన వెళ్ళమంది. నేను ఆఫీసు మాట వింటాను.

నవ్వుకోకండి, ఇంకో కారణం కూడా ఉంది. పద్నాలుగున వెళ్తే నాలుగు రోజులు ఆయన ఇంట్లో ఉండాలి. వదిన కంచం పెడుతుంది. తింటే ఒట్టు పోతుంది, తినకపోతే ఆవిడ మొహం చూడలేను. ముందు ఆయన "తప్పు నాదే" అంటే ఆ కంచం నేనే అడిగి మరీ పెట్టించుకుంటాను. అది ముందు జరగాలి.

మీరు చెప్పిన మబ్బూ మిషనూ నేను ఆలోచించకపోలేదు. నేను ఏ బట్టకైనా కుట్టులో అరంగుళం వదిలి కత్తిరించమనే రకాన్ని. పన్నెండుకి చేరితే రెండింటి దాకా రెండు గంటలు. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒకే ఒక్క మాట, దానికి రెండు గంటలు చాలా వదులు.

ఇట్లు
దర్జీ

తా.క. కిటికీ పక్క సీటు ఇప్పించండి. పైలట్ మళ్ళీ చుట్టు తిప్పితే నా కళ్ళతో నేనే చూసుకుంటాను.


15వ తేదీ

దర్జీ గారికి,

ఇది ఆఫీసు కాగితం కాదు, ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. దీని మీద ముద్ర లేదు కాబట్టి పైనా కిందా అన్న తేడా లేదు.

పద్నాలుగు వెళ్ళిపోయింది. నిన్న ఆ విమానం మా మేడ మీదుగా పోతుంటే చూశాను. మిమ్మల్ని వెళ్ళమన్న మాట తా.క.లో రాసినందుకు చెంపలు వేసుకుంటున్నాను. ఆఫీసు మాట, నా మాట అని మీకు నేర్పింది నేనే. పైన రాస్తే ఏమయ్యేది, పైఅధికారి నాలుగు తిట్టేవారు, అంతే కదా! పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వేలమందికో విమానం ఎప్పుడో చెప్పాను. "ఇప్పుడే వెళ్ళండి" అని ఒక్కరికైనా గట్టిగా చెప్పలేదు.

సరే, గురువారం ఏడింటికల్లా విమానాశ్రయంలో ఉండండి. కిటికీ పక్క సీటు పెట్టించాను. దిగగానే చేతి గడియారం ఐదున్నర గంటలు వెనక్కి తిప్పుకోండి. వెళ్ళి రండి.

మీ
మూడో టేబులు


25వ తేదీ

మూడో టేబులు గారికి, అన్నయ్య ఊరినించి దర్జీ నమస్కరించి రాసేది.

విమానం చెప్పినట్టే తొమ్మిదికి లేచింది. చెప్పినట్టే పదీ నలభైకి దిగింది. పైలట్ ఎక్కడా చుట్టు తిప్పలేదు, అదీ చూశాను. పదకొండూ యాభైకి ఆస్పత్రి మెట్లెక్కాను. ఆఫీసు లెక్కలో తప్పు లేదు, నా లెక్కలోనూ తప్పు లేదు.

వదిన వరండాలో ఒక్కతే కూర్చునుంది. ఆ రోజు ఆయనకన్నా ముందు ఆపరేషన్ జరగాల్సిన మనిషికి జ్వరం తగిలిందిట. ఆ టైము ఖాళీ పోకూడదని అన్నయ్యని తొమ్మిదింటికే లోపలికి తీసుకెళ్ళారు. వదిన ఏడింటికి మా కొట్టుకి ఫోన్ చేసింది. మన టైము పన్నెండున్నర. నేను సముద్రం మీద ఉన్నాను. వాళ్ళ తొమ్మిదంటే నా చేతి గడియారంలో రెండున్నర. ఆ వేళకి విమానంలో అమ్మాయి నా ముందు భోజనం పెడితే, బాగుందని ఇంకో రొట్టె అడిగి తిన్నాను.

"పొద్దున్న ఆరింటి నించీ ఒకటే వాగుడు మరిదీ" అంది వదిన. "నర్సుతో మాట్లాడాడు, ఊడ్చేవాడితో మాట్లాడాడు, పక్క మంచం వాళ్ళ చుట్టాలతో కూడా మాట్లాడాడు. వాడొచ్చాక చెప్పేదొకటుంది, గొంతు సవరించుకుంటున్నా అన్నాడు. ఏం చెబుతావు, పోనీ నాతో చెప్పు, నేను చెబుతాను అన్నాను. నీక్కాదు, వాడికే చెప్పాలి అన్నాడు. ఆపరేషన్ గది తలుపు దగ్గర కూడా విమానం ఎక్కడిదాకా వచ్చుంటుందని అడిగాడు."

ప్రాణానికి ఢోకా లేదు. మర్నాడు కళ్ళు తెరిచాడు. నన్ను చూసి పెదాలు కదిపాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పటికి ఇంకా మర్చిపోయినట్టున్నాడు, మాట లేదన్న సంగతి.

వదిన క్యారియరు తెచ్చింది. ఆయన ఇంటి అన్నమే. ముక్కులో గొట్టంతో ఆయన పడుకుని చూస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని తిన్నాను. లాడ్జికి వెళ్ళనే లేదు. ఆయన ఇంట్లోనే ఉంటున్నాను, మూడు పూటలా తింటున్నాను. అదే అన్నం ఆ పద్నాలుగు ఆదివారం వచ్చి తిని ఉంటే ఎదురుగా కూర్చుని ఆయనా తినేవాడు, మాట్లాడేవాడు. నాకు నచ్చిన తా.క. నమ్మాను, నచ్చనిది ఆఫీసు మాట కాదన్నాను. అందులో మీ తప్పేం లేదు, చెంపలు వేసుకోవలసింది నేను.

ఇరవై ఒకటో తేదీ టికెట్టు వాడుకోలేదు. ఇప్పట్లో రాను. నాటక కంపెనీ వాళ్ళ దుస్తులు సగంలో ఆగిపోయాయి. అన్నయ్య సుద్దముక్కతో గీతలు గీస్తే నేను కుడుతున్నాను.

ఇట్లు
దర్జీ

తా.క. పైన రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. మొన్న ఇద్దరమే ఉన్నప్పుడు ఆయనకి చెప్పేశాను. కత్తెరదీ తప్పు కాదు, కుట్టుదీ తప్పు కాదు. ఆ కోటు కొలత తీసి కాగితం మీద రాసింది నేను, ఎడమ చేతి పొడుగు ఇరవై నాలుగున్నర బదులు ఇరవై మూడు అని వేశాను. ఆ రాత్రే కాగితం చూసుకుని తెలుసుకున్నాను. ఆ కాగితం పొయ్యిలో వేసి, పొద్దున్న ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఆయన తన నోటితో తప్పు ఒప్పుకుంటే, నేను చేసింది ఎప్పటికీ బయటపడదని ఇన్నేళ్ళూ ఎదురుచూశాను.

ఆయన పలక మీద "తెలుసు" అని రాశాడు. కింద "ఆ రోజే చూశాను" అని రాశాడు.

తెలిసి ఇరవై రెండేళ్ళు ఎందుకూరుకున్నావు, ఆపరేషన్ పొద్దున్న నాతో చెబుతానన్నదేమిటి అని అడిగాను. పలక తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. చివరికి రాసి నావైపు తిప్పాడు.

"అది రాసేది కాదురా."